నంబరు కనబడిన నేరం

కామారెడ్డి జిల్లా ప్రాచీన వాహన వైభవ పరిరక్షణ సమితి దిగ్విజయంగా ఏర్పడిందని ప్రజలందరికీ తెలియజేయడమైనది. సమితికి ఒక అధ్యక్షుడు, ఏడుగురు ఉపాధ్యక్షులు, ఇద్దరు గౌరవాధ్యక్షులు, ఒక న్యాయ సలహాదారు, మిగతా కార్యవర్గం కలిపి మొత్తం నలభై ఒక్కమంది ఉన్నారు. సామాన్య సభ్యులు లేరు. సామాన్యంగా ఉండటానికి ఎవరూ ఒప్పుకోలేదు. లెటర్‌హెడ్ ఉంది, రబ్బరు స్టాంపు ఉంది, వాట్సాప్ గ్రూపు ఉంది, ఆ గ్రూపులో రోజూ సూర్యుడి కంటే ముందే శుభోదయం చెప్పే క్రమశిక్షణ ఉంది. ప్రాచీన వాహనం మాత్రం ఒక్కటే ఉంది. ఆ ఒక్కటీ సమితిది కాదు. ఎల్లారెడ్డిలో ప్రభుదాసు అనే లారీ మెకానిక్‌ది.

ప్రభుదాసు సమితిలో సభ్యుడు కాడు. ప్రాచీన వాహనం ఉన్నవాణ్ణి చేర్చుకుంటే నిష్పాక్షికత దెబ్బతింటుందని మొదటి సమావేశంలోనే తీర్మానించారు.

ప్రభుదాసుకు యాభై ఏళ్ళు. ఎల్లారెడ్డి బస్టాండుకు అవతల రేకుల షెడ్డు. పనిమంతుడే కానీ అతనిలో ఒక లోపం ఉందని ఊరందరికీ తెలుసు: కాగితాలన్నీ సరిగ్గా పెట్టుకుంటాడు. లైసెన్సు ఉంటుంది, ఇన్సూరెన్సు ఉంటుంది, పొగ సర్టిఫికెట్ గడువు తీరకముందే కొత్తది ఉంటుంది. ఒకసారి రోడ్డు మీద ఆపితే అడిగినవీ అడగనివీ అన్నీ తీసి చూపించాడు. ఆపిన కానిస్టేబుల్ ఆ రోజు సాయంత్రం దాకా ముభావంగా ఉన్నాడని చెప్పుకుంటారు.

ఈ లోపం అతనికి తండ్రి నుంచి వచ్చింది. తండ్రి ఏసయ్యకు ఎనభై ఒకటి. ఊరికి రెండు కోసుల దూరంలో ఉండే ఒక పటేల్ గారి దగ్గర ఇరవై రెండేళ్ళు ఫియట్ కారు నడిపాడు, ఆ తర్వాత పద్దెనిమిదేళ్ళు లారీలు నడిపాడు. ఇన్నేళ్ళలో ఒక్క కేసు లేదు, ఒక్క జరిమానా లేదు. పటేల్ గారు కొత్త కారు కొన్న రోజున పాత ఫియట్ కదలడం మానేసింది. "ఏసూ, గిది నువ్వే తీస్కపో, వాకిలి ఖాళీ అయితది" అని ఆయన కాగితాల మీద సంతకం పెట్టాడు. నలుగురు మనుషులు, ఏసయ్య, ఏసయ్య భార్య లిదియా కలిసి దాన్ని రెండు కోసులూ తోసుకుంటూ ఇంటికి తెచ్చారు.

లిదియా పటేల్ గారి పొలంలో కూలికి పోయేది. ఆ కారును వారం వారం కడిగింది, ఆ రోజున తోసింది. ఎక్కడం మాత్రం ఎన్నడూ ఎక్కలేదు. వెనక సీటు పటేల్ గారి ఇంటివాళ్ళది. ముందు సీటు పటేల్ గారి చేతికర్రది.

కారు చాలా ఏళ్ళు టార్పాలిన్ కింద పడుంది. ప్రభుదాసు ఆరేళ్ళ పాటు, లారీల పని అయిపోయాక, దాన్ని ఒక్కో ముక్క బాగుచేసుకుంటూ వచ్చాడు. ఇంజను మొదటిసారి పలికిన రోజున ఏసయ్య బానెట్ మీద చెయ్యి పెట్టి దాని అదురు చూశాడు. తర్వాత మెల్లగా చెప్పాడు.

"దాసూ, ఒక్కసారి కామారెడ్డి దాక నేనే నడపాలె రా. నంబరు పెట్టుకొని, ఎవడు ఆపినా కాయిదం చూపెట్టేటట్టు. మీ అవ్వను ఎనక సీట్ల కూసుండబెట్టాలె."

"గంతే గదా బాపూ" అన్నాడు ప్రభుదాసు. గంతే కాదని అతనికి త్వరలోనే తెలిసింది.

పాత ఆర్సీ బుక్కును చెదలు తిన్నాయి. అక్షరాలు వదిలేసి అంకెలు తిన్నాయి. వాటి రుచి వాటిది. ప్రభుదాసు ఇంజను నంబరూ ఛాసిస్ నంబరూ పెన్సిల్‌తో కాగితం మీద అచ్చు తీసుకొని పదకొండుసార్లు కామారెడ్డి తిరిగాడు. బండికి యాభై ఏళ్ళు దాటాయనీ, రూపం మార్చలేదనీ రుజువు చేశాడు. చివరికి వింటేజ్ బండ్ల వరుసలో కొత్త నంబరు వచ్చింది: టీజీ వీఏ ఏఏ 0029. తెల్ల రేకు, నల్ల అక్షరాలు, మెరిసే ముద్ర, ఒకసారి బిగిస్తే విరగ్గొడితే తప్ప ఊడని తాళం. ప్రభుదాసు దాన్ని పెళ్ళిశుభలేఖలా రెండు చేతులతో పట్టుకొని ఇంటికి తెచ్చాడు.

దాంతోపాటు ఒక నిబంధన కూడా వచ్చింది. వింటేజ్ బండిని రోజూ తిప్పకూడదు. ప్రదర్శనలకూ ర్యాలీలకూ, మరమ్మతుకూ పెట్రోలుకూ మాత్రమే రోడ్డెక్కాలి. తల్లిని వెనక కూర్చోబెట్టుకొని కామారెడ్డి పోవడం ఆ జాబితాలో లేదు. ప్రభుదాసు కాగితాన్ని మూడుసార్లు చదివాడు. ఇంకొకడైతే ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టి కారు తీసేవాడు. ముందే మనవి చేశాం కదా, లోపం వంశపారంపర్యం. తండ్రి కోరిక తీరాలంటే ర్యాలీ కావాలి. ర్యాలీ కావాలంటే సమితి కావాలి.

సమితి అధ్యక్షుడు మహేందర్ కామారెడ్డిలో ఎరువుల దుకాణం, ప్లాట్ల వ్యాపారం, ప్రజాసేవ మూడూ ఒకే షట్టర్ కింద నడుపుతున్నాడు. ఆ పటేల్ గారి మనవడే. ప్రభుదాసు షెడ్డుకు వచ్చి ఫియట్ చుట్టూ మూడుసార్లు తిరిగి, "మా తాత కారు" అన్నాడు. అద్దం మీది దుమ్ము చేత్తో తుడిచాడు కూడా. తర్వాత అద్దంలో జుట్టు సవరించుకొని, ఫిబ్రవరి మూడో ఆదివారం ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డి దాకా ప్రాచీన వాహనాల మహా ర్యాలీ ఉంటుందని అక్కడికక్కడే ప్రకటించాడు. ఒక ప్రాచీన వాహనం, దాని వెనక మూడు వందల మోటారు సైకిళ్ళు, కార్లు, ట్రాక్టర్లు.

ర్యాలీకి ముందు తేల్చుకోవలసిన విషయం ఒకటే మిగిలింది: కారుకు నంబరు ప్లేటు ఏ తీరులో ఉండవలెను?

ఇందుకోసం కామారెడ్డిలో ఒక ఫంక్షన్ హాల్లో విస్తృతస్థాయి సమావేశం జరిగింది. ప్రభుదాసును ప్రత్యేక ఆహ్వానితుడిగా పిలిచి, కుర్చీలు చాలనందున గోడకు ఆనించి నిలబెట్టారు. మొదటి ఉపాధ్యక్షుడు నల్ల రేకు మీద వెండి అక్షరాలు ఉండాలన్నాడు. రాజసం దాంట్లోనే ఉందట. రెండో ఉపాధ్యక్షుడు మాతృభాషాభిమాని. నంబరు తెలుగు అంకెల్లో లేకపోతే ఈ జాతికి మనుగడ లేదని అరగంట మాట్లాడి, శ్రోతల్లో ఇద్దరి కళ్ళు చెమర్చేలా చేశాడు. అయితే రాసి చూపించండి అని పెన్ను ఇస్తే, తెలుగు తొమ్మిది ఎట్లా ఉంటుందో ఫోన్లో చూసి చెబుతానని బయటికి వెళ్ళాడు. మూడోవాడు 2ను కొద్దిగా వంచి 9 తోకను కొద్దిగా లాగితే తన మనవరాలి పేరు వస్తుందని కాగితం మీద గీసి నిరూపించాడు. నాలుగోవాడు సంస్కారవంతుడు. నంబరు అనేది ఇంటి విషయమనీ, నలుగురిలో బయటపెట్టడం మన పద్ధతి కాదనీ, ఒక మూలకు చిన్నగా ఉంటే సరిపోతుందనీ అన్నాడు. మిగిలిన ముగ్గురూ ఎవరు ఆఖరున మాట్లాడితే వాళ్ళతో ఏకీభవిస్తూ వచ్చారు.

అధ్యక్షుడు అందరి మాటా విని, అందరి మాటా మన్నించి, తన మాట చెప్పాడు. ప్లేటు నల్లగా, రెండడుగుల పొడవు ఉంటుంది. దాని మీద వెండి అక్షరాలతో "పటేల్ గారి బండి" అని ఉంటుంది. చోటు మిగిలితే నంబరు ఉంటుంది.

న్యాయ సలహాదారు హన్మండ్లు లేచాడు. ఆయన ఒక ఆఫీసులో ముప్ఫై ఒక్క ఏళ్ళు ఉత్తరాలకు ముద్ర వేసి పంపే విభాగంలో పనిచేసి రిటైరయ్యాడు. చట్టం బయటికి పోవడం ఎన్నోసార్లు కళ్ళారా చూసినవాడు.

"రూల్ల ప్లేటు ఉండాలె అన్నరు. ఒప్పుకుంటున్న. గని ఉన్న ప్లేటు మీద ఇంకో ప్లేటు ఉండొద్దని యాడన్న అన్నరా? అనలే!"

చప్పట్లు మోగాయి. చప్పట్లు ఆగాక గోడ దగ్గరినుంచి ప్రభుదాసు గొంతు వినిపించింది.

"సార్, గట్ల కుదరదు. తెల్ల ప్లేటు, నల్ల అక్షరాలు. సర్కారిచ్చిందే పెట్టాలె. దాని మీద ఏం అతికించినా తప్పే. నేను గదే పెడ్త."

హాలంతా గోడ వైపు తిరిగింది. నాలుగో ఉపాధ్యక్షుడు, సంస్కారవంతుడు కాబట్టి, జాలిగా అడిగాడు.

"మరి గట్లయితె నంబరు అందరికి కనబడ్తది గదా, దాసూ?"

"కనబడేటందుకే గదా సార్ పెట్టేది."

ఎంతసేపు నవ్వారంటే చాయ్ చల్లారి మళ్ళీ కాచవలసి వచ్చింది.

ప్రభుదాసు అవమానపడి బయటికి వచ్చాడు. హాలు ముందర సమితివారి వాహనాలు బారుగా నిలబడి ఉన్నాయి. ఆ దృశ్యాన్ని వర్ణించడం ధర్మం. ఒకదాని మీద నంబరు ఉండవలసిన చోట సింహం ఉంది. ఒకదాని మీద "ప్రెస్" అని ఉంది. దాని యజమానికి ఇస్త్రీ దుకాణం ఉన్న మాట నిజమే. ఒకదాని మీద రెండేళ్ళ కిందటి పెళ్ళి తాలూకు "చరణ్ వెడ్స్ మానస" ఇంకా ఉంది. ఆ జంట విడిపోయినా బోర్డు విడిపోలేదు. ఒకదానికి నంబరు ఉంది కానీ దానికీ లోకానికీ మధ్య ఒక పూలదండ ఉంది. అధ్యక్షుడి తెల్ల కారుకు జిల్లా అనే అక్షరాలు జానెడు, అధ్యక్షులు అనే అక్షరాలు జానెడు, నంబరు చీమంత. ఈ కళాఖండాలన్నీ స్టేషన్ రోడ్డులో రేడియం స్టిక్కర్ల దుకాణం నడిపే పోచన్న చేతి చలవ. పోచన్న జిల్లాలోనే గొప్ప నిపుణుడు. చదవగలిగే అంకె ఏదైనా సరే, అతని చేతిలో పెడితే అరగంటలో నిరక్షరాస్యుల పక్షాన చేరుతుంది.

ప్లేటు సంగతి అట్లా ఉండగా, సీట్ల సంగతి వచ్చింది. మహేందర్ ఒక మధ్యాహ్నం షెడ్డుకు వచ్చి ఏర్పాట్లు వివరించాడు. ఏసయ్య కారు నడపవచ్చు. నడపడమే కాదు, తెల్ల డ్రెస్సు, ఎర్ర తలపాగా కూడా సమితే ఇస్తుంది. ర్యాలీ కరపత్రంలో "నాటి డ్రైవరు సజీవంగా" అని వేశారు. వెనక సీట్లో తాను కూర్చుంటాడు.

"మరి మా అవ్వ?" అన్నాడు ప్రభుదాసు.

"అవ్వకేంది, ఎనక భోజనాల వ్యాన్ వస్తది గదా. అండ్ల ఏసీ కూడ ఉన్నది."

ప్రభుదాసు చేతిలోని పానాను చాలాసేపు గుడ్డతో తుడిచాడు. ర్యాలీ లేకపోతే కారు గేటు దాటదు, బాపుకు ఎనభై ఒకటి, వచ్చే ఏడాది ఎట్లా ఉంటుందో తెలియదు. జీవితంలో మొదటిసారి అతను కాగితాల్లో లేని పని ఒకటి చేశాడు. పొగిడాడు.

"పటేలా, ఒక మాట చెప్త, ఏమనుకోకు. గీ ఫియట్ కిటికీ చిన్నది. ఎనక సీట్ల కూసుంటె మీ మొఖం ఎవనికి కనబడ్తది? దండ ఏద్దమని వచ్చినోడు చెయ్యి లోపటికి పెట్టరాదు. మీసోంటోళ్ళు ముంగట టాపు లేని జీపుల నిలబడి చెయ్యి ఊపాలె గని."

మహేందర్ తలుపు తీశాడు. వెనక సీట్లో కూర్చుని చూశాడు. కిటికీలోంచి చెయ్యి ఊపి చూశాడు. ప్రభుదాసును దూరంగా నిలబెట్టి, తాను ఎంత కనబడుతున్నాడో చెప్పమన్నాడు.

"చెయ్యి ఒక్కటే కనబడ్తున్నది పటేలా. ఎవరిదో తెల్వది."

"జీపు మంచిగుంటది" అన్నాడు మహేందర్.

ర్యాలీ రోజు పొద్దున ఎల్లారెడ్డిలో తోరణాలు కట్టారు. లిదియా చర్చికి కట్టుకునే అంచు చీర కట్టుకొని, చెప్పులు చేతిలో పట్టుకొని కారు దగ్గరికి వచ్చింది. సీటు మాసిపోతుందేమోనని ఆమె భయం. "తొడుక్కో అవ్వా, మన కారే" అని ప్రభుదాసు తలుపు తీశాడు. ఆమె కూర్చుంది. సీటును అరచేత్తో రెండుసార్లు తడిమింది. "ఇంత మెత్తగుంటదా" అంది. యాభై ఏళ్ళ కిందట ఎన్నిసార్లు ఆ సీటు దుమ్ము దులిపిందో ఆమెకే లెక్కలేదు; దులిపేవాళ్ళకు మెత్తదనం తెలియదు.

సరిగ్గా అప్పుడే పోచన్న రెండడుగుల నల్ల రేకు చంకన పెట్టుకొని వచ్చాడు. దాని మీద పటేల్ గారి బండి అనే వెండి అక్షరాలు ఎండకు తళతళలాడుతున్నాయి. నంబరుకు చోటు మిగల్లేదు. వెనక మహేందర్, హన్మండ్లు, ఉపాధ్యక్షులు.

"తాళం ముట్టుకోం దాసూ, నీ సర్కారు ప్లేటు గట్లనే ఉంటది. దాని మీద గిది రెండు గంటలకే అతికిస్తం" అన్నాడు మహేందర్.

ప్రభుదాసు అడ్డం పడబోయాడు. అంతకుముందే ఏసయ్య డ్రైవరు తలుపు తీసుకొని కిందికి దిగాడు. ఎర్ర తలపాగా తీసి బానెట్ మీద పెట్టాడు.

"చిన్న పటేలా, నంబరు కనబడని బండి నేను నడప. మీ తాత ఉన్నప్పుడు కూడ నడపలే. ఒకపారి ప్లేటుకు బురదంటితె, మీ తాతను దింపి నిలబెట్టి నీళ్ళతోని కడిగి మల్ల ఎక్కించిన. అడుగు మీ ఇంట్ల ఎవర్నన్న."

"గట్లయితె ఇంకొకలు నడుపుతరు" అన్నాడు హన్మండ్లు.

ఆరో ఉపాధ్యక్షుడు ముందుకు వచ్చాడు. ట్రాక్టరు, జేసీబీ, ఒకసారి పడవ కూడా నడిపినవాడు. కూర్చుని గేరు కోసం కింద వెతికాడు. లేదు. సీటు కింద వెతికాడు. లేదు. ఆ కారుకు గేరు కడ్డీ స్టీరింగ్ పక్కనే ఉంటుందని ప్రభుదాసు చెప్పలేదు, ఎవరూ అడగలేదు. ఉపాధ్యక్షుడు దొరికిన కడ్డీ పట్టుకొని తన వైపు లాగాడు, పైకి తోశాడు, క్లచ్ వదిలాడు. కారు వెనక్కి ఒక్క దూకు దూకి స్వాగత తోరణాన్ని తన మీద కప్పుకుంది. వెనక సీట్లో లిదియా మాత్రం హాయిగా నవ్వింది. "ఇంకొకపారి చెయ్యి బిడ్డా" అంది.

మూడు వందల బండ్లు హారన్లు కొడుతున్నాయి. కామారెడ్డిలో ముఖ్య అతిథి గడియారం చూసుకుంటున్నాడని ఫోన్లు వస్తున్నాయి. ప్రజాస్వామ్యంలో ఇటువంటి ఘట్టాల్లోనే నాయకత్వం బయటపడుతుంది. మహేందర్ నల్ల రేకును వృథా కానివ్వలేదు. దాన్ని తన టాపు లేని జీపు ముందర, జీపు నంబరు మీదనే బిగించమన్నాడు. పోచన్న రెండు నిమిషాల్లో బిగించాడు. ఏసయ్య తలపాగా లేకుండానే ఎక్కి కూర్చున్నాడు. పక్కన ప్రభుదాసు, వెనక లిదియా. జీపు ముందు, ఫియట్ తర్వాత, ఆ వెనక మూడు వందల రహస్య వాహనాలు.

లింగంపేట దాటేదాకా ఏసయ్య ముప్ఫై దాటించలేదు. ఎర్రమట్టి చేన్లు, మోదుగు చెట్లు మెల్లగా వెనక్కి పోతున్నాయి. లిదియా కిటికీ అద్దం దించి, ఎక్కించి, మళ్ళీ దించి, దారిలో కనబడిన ప్రతి మనిషికీ దండం పెట్టింది. దారిలో ఒక చోట బండ్ల తనిఖీ జరుగుతోంది. వెనకనుంచి సింహం ప్లేటు బండి ఫియట్‌ను దాటి పోయింది. పూలదండ బండి పోయింది. ప్రెస్ బండికి సలాం కూడా దొరికింది. కానిస్టేబుల్ ఫియట్‌ను ఆపాడు.

"ఏంది తాతా, నంబరు గింత సాఫ్‌గ కనబడ్తున్నది? ఏదో మతలబు ఉన్నది. ఈ వీఏ అంటె ఏంది, ఏ రాష్ట్రం?"

"వింటేజ్ సార్" అన్నాడు ప్రభుదాసు, కాగితాల ఫైలు అందిస్తూ.

"అంటె?"

"ముసలిదని."

"ముసలిదానికి సర్కారు స్పెషల్ నంబరిచ్చిందా?"

"ఇచ్చింది బిడ్డా" అంది లిదియా కిటికీలోంచి తల బయటపెట్టి. "నాకు పింఛనియ్యనీకె ఏడాదిన్నర తిప్పిండ్రు. దీనికి పదకొండు తిరుగుళ్ళకే ఇచ్చిండ్రు. ఇది ఇనుము గదా."

కానిస్టేబుల్ ఫైలంతా తిరగేసి, ఏ లోపమూ కనబడక, దీర్ఘంగా నిట్టూర్చి పంపించాడు.

కామారెడ్డిలో ర్యాలీ జరిగిన తీరు మరచిపోలేనిది. ఒకే వైపు పోవలసిన వీధిలో మూడు వందల బండ్లు, వాటి మధ్య ఇరుక్కుని ఫియట్ కూడా, రెండో వైపు నుంచి ప్రవేశించాయి. సిగ్నల్ ఎర్రగా ఉందని ఆగింది ఫియట్ ఒక్కటే. వెనకున్నవాళ్ళు నలుగురు దిగి, "నడువు తాతా" అని దాన్ని గౌరవంగా తోసి గీత దాటించారు. సైలెన్సర్లు ఊడదీసిన బండ్లు చేసిన చప్పుడుకు కొట్ల షట్టర్లు వాటంతట అవే దిగిపోయాయి. కూడలిలో జీపు మీద నిలబడి మహేందర్ ప్రసంగించాడు.

"సోదర సోదరీమణులారా! ఈ గడ్డ మీద సంస్కృతికి చక్రాలున్నాయి! ఆ చక్రాలు మా తాతగారివి! చట్టాన్ని గౌరవించడం మా రక్తంలోనే ఉన్నది! ఈనాటి యువతరం క్రమశిక్షణ అంటే ఏమిటో ఈ ర్యాలీని చూసి నేర్చుకోవాలె!"

యువతరం ఒక చక్రం గాలిలోకి లేపి హర్షం ప్రకటించింది.

ఆ కూడలిలో స్తంభం మీద ఒక కెమెరా ఉంది. అది ఎవరి ప్రసంగమూ వినదు. తప్పు చేసిన బండి నంబరు చదివి చలానా పంపడం దాని ఉద్యోగం. ఆ రోజు పాపం అది చాలా కష్టపడింది. సింహాన్ని చదవాలని చూసింది, పూలదండను చదవాలని చూసింది, చరణ్ వెడ్స్ మానసను చదివి అయోమయంలో పడింది, పటేల్ గారి బండిని చదివి గౌరవంతో వదిలేసింది. అంతటి మహాసముద్రంలో దానికి చదవడానికి వీలైన నంబరు ఒక్కటే దొరికింది. డ్యూటీ డ్యూటీయే. దొరికినదానితోనే సరిపెట్టుకుంది.

బుధవారం నుంచి ప్రభుదాసు ఫోను మోగడం మొదలుపెట్టింది. మొదటి చలానా ఎదురు దారిలో పోయినందుకు. రెండోది ఎర్ర సిగ్నల్ దాటినందుకు. మూడోది శబ్ద కాలుష్యానికి. నాలుగోది ఒంటి చక్రం మీద ప్రమాదకరంగా నడిపినందుకు. అయిదు నుంచి పదకొండు దాకా హెల్మెట్ పెట్టుకోనందుకు. పన్నెండోది ద్విచక్ర వాహనంపై ముగ్గురు ప్రయాణించినందుకు. ముగ్గురున్న మాట నిజమే. శుక్రవారానికి మొత్తం పదిహేడయ్యాయి.

ప్రభుదాసు ఫోను బోర్లించి పెట్టాడు. చలానా సంగతి కాదు అతని బాధ. నలభై ఏళ్ళు మచ్చలేకుండా నడిపిన మనిషికి ఈ మాట ఎట్లా చెప్పాలి? చెప్పకుండా ఫైలు చంకన పెట్టుకొని కామారెడ్డి పోయి, సంబంధిత అధికారిని కలిశాడు. అధికారి మంచివాడు. కూర్చోమన్నాడు.

"చూడు బ్రదర్, సిస్టం ఒక్క నంబరే చదివింది. మిగతా బండ్లు ఉన్నయని నువ్వంటున్నవు. ఉండొచ్చు. గని నంబరు లేకుంటె బండి ఉన్నట్టు రికార్డుల ఉండది గదా."

"సార్, కారుకు హెల్మెట్ ఏంది సార్?"

"కరెక్టే. గవి తీసేస్తం. కారుకు హెల్మెట్ అవసరం లేదని ఒక అప్లికేషన్ రాసియ్యి." కొంచెం ముందుకు వంగి, అధికారి సొంత మనిషిలా గొంతు తగ్గించాడు. "ఒక మాట చెప్తున్న, మనసుల పెట్టుకోకు. గింత సాఫ్‌గ కనబడే ప్లేటు పెట్టుకుంటె ఎవలకైన తిప్పలే."

ఆ ఆదివారం సమితి సర్వసభ్య సమావేశం జరిగింది. మూడు వందల వాహనాలు పాల్గొన్న ర్యాలీలో సమితివారి ఏ ఒక్క వాహనానికీ ఒక్క చలానా కూడా రాలేదని, జిల్లా చరిత్రలోనే ఇంతటి క్రమశిక్షణ అపూర్వమని హన్మండ్లు నివేదిక చదివాడు. సభ్యులు ఒకరినొకరు శాలువాలతో సత్కరించుకున్నారు. పదిహేడు నేరాలు చేసి ర్యాలీ పవిత్రతకు భంగం కలిగించిన ప్రభుదాసు మీద అభిశంసన తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. రెండో ఉపాధ్యక్షుడు దాన్ని తెలుగులో చదివి, తేదీ మాత్రం ఇంగ్లిష్ అంకెల్లో వేశాడు. అప్పటిదాకా నంబరు కొంచెం కనబడేలా తిరుగుతున్నవాళ్ళు కూడా ఈ ఉదంతంతో మేల్కొన్నారు. సోమవారం పోచన్న దుకాణం ముందర వరుస స్టేషన్ దాకా పోయింది.

ఇంట్లో సంగతి దాగలేదు. ఏసయ్య కొడుకు ఫోను తీసుకున్నాడు. ప్రభుదాసు గుమ్మం పట్టుకొని నిలబడ్డాడు.

"నలభై ఏండ్లల్ల లేనిది, గిప్పుడొచ్చింది బాపూ. నా వల్లనే వచ్చింది."

ముసలాయన ఒక్కో చలానా వేలితో జరుపుతూ పోయాడు. మొదటి చలానా దగ్గర ఆగాడు. దానికి కెమెరా తీసిన ఫొటో జతచేసి ఉంది. ర్యాలీ మర్నాడు పేపర్లలో వచ్చిన ఫొటోలన్నిట్లో జీపూ, జీపు మీద మహేందరూ ఉన్నారు. ఫియట్ ఒక మూల బంపరంత ఉంది. ఈ ఫొటోలో మాత్రం ఫియట్ నిండుగా ఉంది. స్టీరింగ్ దగ్గర నిటారుగా ఏసయ్య. పక్కన ఫైలు పట్టుకొని ప్రభుదాసు. వెనక కిటికీలో లిదియా, ఎవరికో దండం పెడుతూ, నోరారా నవ్వుతూ. కింద తెల్ల రేకు మీద నల్లటి నంబరు.

"ఏమే, గిటు రా" అని భార్యను పిలిచాడు ఏసయ్య. "చూడు, నిన్ను సర్కారు ఫొటో తీసింది."

లిదియా ఫోనును మొహానికి దగ్గరగా పెట్టుకొని చాలాసేపు చూసింది. "నేనేనా?" అంది. "దొరసాని లెక్క కనబడ్తున్న గదనయ్యా."

ఏసయ్య కళ్ళు తుడుచుకొని కొడుకు వైపు తిరిగాడు.

"దాసూ, తక్కినయన్ని కొట్టేపియ్యి. నేను చెయ్యలే. గిది మటుకు ఉండనియ్యి. ఎదురు దారిల పోయిన మాట వాస్తవమే. కట్టేద్దాం."

కట్టేశారు. ప్రభుదాసు ఆ ఫొటోను పెద్దగా తీయించి, చెక్క ఫ్రేము కట్టించి షెడ్డులో పెట్టాడు. షెడ్డుకు వచ్చేవాళ్ళందరూ దాని దగ్గర ఆగుతారు.

"ఎనక కూసున్నది ఎవరు, పటేలమ్మనా?"

"మా అవ్వ."

"మరి కారెవరిది?"

"ముంగట నడిపేటాయనది. మా బాపుది."

వచ్చేవాళ్ళు చదువుకున్నవాళ్ళు, మర్యాదస్తులు, ఎదురు మాట్లాడరు. కళ్ళజోడు సవరించుకొని, ముందుకు వంగి, ఆ నంబరు అసలుదేనా అని ఇంకోసారి పరీక్షగా చూస్తారు.